కెరటాల కాపురం క్యాసెట్టు

నేను ఒక వీడియో క్యాసెట్టును. నల్లటి పెట్టె, లోపల రెండు చక్రాలు, ఆ రెండింటి మధ్య అటూ ఇటూ పరుగెత్తే సన్నని రీలు. నిలకడ మా జాతికి లేదు. ఎడమ చక్రం మీద ఉన్నంతసేపు కుడివైపు ధ్యాస, అక్కడికి చేరాక మళ్లీ ఎడమవైపు గుంజులాట. మనుషులు దీన్ని చంచలబుద్ధి అంటారు, తమకేదో అది లేనట్టు.

నేను పుట్టింది ఏదో దూరదేశపు కర్మాగారంలో. అప్పుడు నా లోపల ఏమీ లేదు. బెజవాడలో ఒక మేడమీది గదిలో నాలోకి ఒక ఓడను ఎక్కించారు, ఎక్కించిన కాసేపటికే ముంచేశారు. ఆ సినిమా పేరు ‘కెరటాల కాపురం’. ఓడ మునిగాక ముగ్గురు ఒక దీవికి కొట్టుకొస్తారు: వెన్నెల అనే అమ్మాయి, ఆమె మొగుడు ముత్యాల వ్యాపారి దామోదరం, ఓడ నడిపే సరంగు కాశి. మొగుడు మంచివాడే కాని పాపం నిప్పు రాజెయ్యడం కూడా చేతకాదు. సరంగు పెద్దగా మాట్లాడడు, చేపలు పట్టుకొస్తాడు. ఆ పిల్ల ఇద్దరి మధ్యా నలిగిపోతుంది. తుఫానుకు ఓడ ముక్కలైంది గాని ఆమె జడలో మల్లెలు మాత్రం వాడలేదు. సొరచేప రబ్బరుది, పొట్ట కింద కుట్టు కనిపిస్తుంది. పత్రికలవాళ్లు ఏకిపారేశారు. అలాంటి కథను మోయడం నా తలరాత.

బందరులో ఒక వీడియో షాపు అలమరలో నాకు చోటు దొరికింది. ఎవరెవరో తీసుకెళ్లారు. కొందరు సగం చూసి విసుక్కున్నారు, కొందరు పాటలు మాత్రం చూసి తిప్పి పంపారు. ఆఖరికి షాపు ఎత్తేసే రోజున హైమవతి వచ్చింది.

హైమవతి ఆడపిల్లల కాలేజీలో తెలుగు పాఠం చెప్పేది. పైగా ఊళ్లో చిత్రసమితికి అధ్యక్షురాలు. నలుగురు చదువుకున్నవాళ్లు కలిసి మంచి సినిమాలు తెప్పించుకుని చూసి, చర్చించుకునే సంఘం అది. ‘చవకబారు సినిమా, చచ్చుబడిన మనసు’ అని ఆమె రాసిన వ్యాసానికి జిల్లా అంతటా పేరొచ్చింది.

“పరిశోధనకు కావాలి,” అని షాపతనికి చెప్పి నన్ను కొని, చీరకొంగు చాటున పట్టుకుని నడిచింది. ఆ పరిశోధన ఏమిటో నాకు ముందే తెలుసు. అంతకుముందు కూడా ఆమె నన్ను చాలాసార్లు అద్దెకు ఇంటికి తీసుకెళ్లింది.

ఆ ఇంట్లో నాకు స్థిరమైన చోటంటూ లేదు. ఒక వారం పట్టుచీరల అడుగున, ఒక వారం పప్పుల డబ్బాల వెనక, ఇంకో వారం పరుపు కింద దాచేది. దాచిన చోటు పదేపదే వెళ్లి తడిమి చూసుకునేది. ఆమె భర్త భుజంగరావు వ్యవసాయ శాఖలో అధికారి. పల్లెలు తిరిగే ఉద్యోగం. ఆయన జీపు వీధి మలుపు తిరగగానే ఈమె తలుపు గడియ పెట్టి, కర్టెన్లు లాగి, నన్ను యంత్రంలోకి తోసేది. ఇక కుదురుగా కూర్చునేది కాదు. ఓడ మునిగేటప్పుడు నిలబడి చూసేది. వెన్నెల ఇద్దరు మగవాళ్లకూ కొబ్బరినీళ్లు పట్టుకుని, ముందు ఎవరికివ్వాలో తెలియక ఆగిపోయే చోట మాత్రం గోడకానుకుని, కొంగు కొస నమిలేది. వెనక్కి తిప్పి తిప్పి చూడటంతో నా రీలు అక్కడ అరిగి చారలు పడింది.

చిత్రసమితివాళ్లు తరచు ఆమె ఇంట్లోనే కలుసుకునేవారు. కార్యదర్శి నిరంజన్ ఇంగ్లీషు లెక్చరరు, మాట మెత్తన, చూపు చురుకు. ఆమె ఏం మాట్లాడినా, “హైమవతిగారూ, ఆ మాట మీరే అనగలరు,” అనేవాడు. ఆ మెచ్చుకోలు ఆమెకు ఇష్టమే. అతను వచ్చే రోజున ముతక నేతచీర వెతికి కట్టుకునేది. భుజంగరావు అందరికీ కాఫీలిచ్చి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు. ఆమె కూడా అనలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన క్యాంపుకు వెళ్లాడు. సాయంత్రం సమితివాళ్లు ఏదో విదేశీ సినిమా పట్టుకుని రావలసి ఉంది. ఈలోపు ఒక్క పాటయినా చూద్దామని హైమవతి నన్ను పెట్టింది. కొబ్బరినీళ్ల ఘట్టం వచ్చింది. కరెంటు పోయింది.

కరెంటు లేకపోతే నేను బయటికి రాలేను. ఆమె వేళ్లు పెట్టి లాగింది, చెంచా పెట్టి గుంజింది. యంత్రాన్ని బతిమాలింది కూడా. అలా నేలమీద చతికిలబడి ఉండగా భుజంగరావు వచ్చేశాడు, పాదాల నిండా పొలం బురదతో.

“ఏమైంది?” అన్నాడు.

“ఏం లేదు. దుమ్ము తుడుస్తున్నా.”

ఆయన ఆమె చేతిలో చెంచా వంక చూసి, ఇంకేమీ అడక్కుండా కాఫీకి పాలు పెట్టడానికి వెళ్లాడు. ఇంతలో గుమ్మంలో చెప్పుల చప్పుడు. సమితి అంతా దిగింది. అందరూ కూర్చునేసరికి కరెంటు వచ్చింది. హైమవతి లేచేలోపు నిరంజన్ యంత్రం దగ్గరికి చేరాడు. తను తెచ్చిన క్యాసెట్టు లోపలికి పోకపోయేసరికి, “ఇందులో ఏదో ఉందే,” అంటూ మీట నొక్కాడు.

తెరమీద ఇద్దరు మగవాళ్ల మధ్య తడిసిన చీరతో వెన్నెల నిలబడింది. “చుట్టూ ఇంత సముద్రం ఉన్నా, నా మనసు లోతు చూసే ధైర్యం మీలో ఒక్కరికీ లేదు,” అంది.

గది గొల్లున నవ్వింది.

“ఇదెవరిదండీ బాబూ?” అన్నాడు నిరంజన్.

వంటింటి గుమ్మంలోంచి కాఫీ పళ్లెంతో భుజంగరావు అన్నాడు, “నాదేనండి. మధ్యాహ్నం చూస్తుంటే కరెంటు పోయింది.”

“మేడమ్‌గారి పరిశోధనకు వస్తువు ఇంట్లోనే ఉందన్నమాట,” అన్నాడు నిరంజన్. మళ్లీ నవ్వులు. భుజంగరావు కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. హైమవతి పెదవులు కూడా నవ్వినట్టే కదిలాయి. ఆ ఎండిపోయిన బురద ఇంకా ఆయన పాదాల మీదే ఉంది. ఆమె చూపు అక్కడినుంచి మళ్లలేదు.

నన్ను తీసి పక్కన పెట్టి వాళ్ల సినిమా వేశారు. అందులో ఒక ముసలాయన చాలాసేపు గుర్రానికి మేత వేశాడు. హైమవతి కుర్చీలో అటు జరిగింది, ఇటు జరిగింది. మంచినీళ్లకని లేచింది, తాగకుండానే వచ్చింది. సినిమా అయ్యాక చర్చ మొదలైంది. నిరంజన్ వంటింటివైపు ఒక చూపు విసిరి, “అభిరుచి లేనివాళ్లను మార్చడమే మన బాధ్యత. ఏమంటారు హైమవతిగారూ?” అన్నాడు.

ఆమె లేచి నిలబడింది.

“ఆ క్యాసెట్టు నాది,” అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

“ఆయన మధ్యాహ్నం ఇంట్లోనే లేరు. చూసింది నేను. ఇవాళే కాదు, ఎన్నిసార్లు చూశానో నాకే తెలీదు. అది మంచి సినిమా అనను. ఆ సొరచేప రబ్బరుదని నాకూ కనిపిస్తుంది. కాని ఆ పిల్ల ఎటూ తేల్చుకోలేక గింజుకుంటుంటే నేను అక్కణ్ణించి కదల్లేను. అంతే.”

“మరి మీ వ్యాసం?” అన్నాడు నిరంజన్. గొంతులో మెత్తదనం లేదు.

“అదీ నేనే రాశాను. ఇంకో మాట. మా ఆయన్ని చూసి ఇందాక నవ్వారు, నేనూ ఊరుకున్నాను. ఇకమీదట ఆయన ఈ గదిలో కూర్చుంటేనే సమితి ఇక్కడ కలుస్తుంది.”

కాసేపట్లో ఇల్లు ఖాళీ అయింది. నిరంజన్ చెప్పులు వేసుకుని వెనక్కి చూడకుండా వెళ్లాడు. అందరికంటే ఆఖరున లేచిన పెద్దాయన, రిటైరైన లైబ్రేరియన్ వామనమూర్తి, గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. “అమ్మా, ఆ క్యాసెట్టు ఒక్కసారి ఎరువిస్తావా? ఆ తెప్ప కట్టే పాట చూసి చాలా రోజులైంది.”

ఆయన వెళ్లాక హైమవతి వంటింట్లోకి వచ్చింది. “మీరెందుకు మీదేసుకున్నారు?” అని అడిగింది.

“నన్ను చూసి నవ్వడం వాళ్లకు అలవాటే గదా. కొత్తగా పోయేదేముంది,” అన్నాడు భుజంగరావు కప్పులు కడుగుతూ. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి.

“నాదని మీకెలా తెలుసు?”

“కూర తరిగేటప్పుడల్లా ఆ తెప్ప పాటేగా పాడతావు. పద, మొదట్నుంచీ పెట్టు. అంతగా ఏముందో చూద్దాం.”

ఆయన పక్కన కూర్చుని సినిమా చూడటం గొప్ప పరీక్ష. “ఉప్పునేలలో అరటి అంత ఏపుగా ఎట్లా వచ్చిందే?” అన్నాడు. “నోరు మూసుకుంటేనే చూపిస్తా,” అంది ఆమె. ఆయనకు దామోదరం మీద జాలి, ఆమెకు కాశి మీద మొగ్గు. వెన్నెల ఎవరి చెయ్యి పట్టుకోవాలన్న దాని మీద ఆ దంపతులు ఏళ్ల తరబడి తగువాడుకున్నారు. చిత్రసమితి వేరే ఇంటికి మారింది. ఆమెకు కొన్నాళ్లు ముల్లు గుచ్చుకున్నట్టే ఉండేది. ఆ వ్యాసం ప్రస్తావన ఎవరైనా తెస్తే మాట మార్చేది. మరి చక్రాలున్నది నాకొక్కదానికే కాదుగా.

కాలం గడిచింది. యంత్రం పాడైంది, బాగుచేసేవాడు లేడు. సీడీ బిళ్లలొచ్చాయి, ఆ తర్వాత బిళ్లలూ పోయాయి. నేను బీరువా నెత్తిన బూజుపట్టి పడి ఉన్నాను. కదలకుండా ఉండటమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. ఓడ మునగదు, దీవి రాదు, ముగ్గురూ చీకట్లో చుట్టలు చుట్టుకుని ఉన్నారు.

భుజంగరావు రిటైరయ్యాక ఊరి బయట కౌలుకు కాస్త చేను తీసుకుని పొద్దుతిరుగుడు వేశాడు. గింజ పాలుపోసుకునే వేళకు చిలకలు దిగాయి. ఆయన నన్ను చేనుకు తీసుకెళ్లి, పెట్టె పగలగొట్టి, రీలు మొత్తం బయటికి లాగి, గెడకర్రలకు ఈ చివర నుంచి ఆ చివరకు బిగించి కట్టాడు. గాలి తగలగానే నేను ఝుమ్మని మోగాను. ఎండకు తళుక్కుమన్నాను. చిలకలు గుంపుగా లేచిపోయాయి. ఎన్నాళ్లకో ఒళ్లంతా కదిలింది.

మధ్యాహ్నం హైమవతి క్యారేజీ పట్టుకుని వచ్చింది. గట్టుమీద పగిలిన నల్లపెట్టెను, దానిమీద సినిమా పేరున్న కాగితం ముక్కను చూసి ఆగిపోయింది.

“దాన్నా కట్టారు?”

“ఇంక ఎట్లాగూ ఆడదు గదా.”

ఆమె క్యారేజీ గట్టుమీద పెట్టి, నా వెంట చాలాదూరం నడిచింది. ఒకచోట నిలబడి నన్ను వేలితో మీటింది.

“వెన్నెల ఎక్కడుందంటారు?”

“నువ్వున్న చోటే,” అన్నాడు ఆయన.

“కాశి?”

“ఆ చివర గెడకర్ర దగ్గర. గాలికి ఊగుతున్నాడు చూడు.”

“మరి మొగుడో?”

తూర్పుగట్టున చిలకలు మళ్లీ వాలాయి. భుజంగరావు కర్ర అందుకుని లేచాడు.

“మొగుడికి తీరికేదీ,” అన్నాడు, “చిలకల్ని తోలద్దూ.”