ఆపావా అంటే పలికేదెవరు

ఉద్యోగంలో చేరేవాణ్ణి ప్రశ్నలతో చంపడం ఎక్కడైనా ఉన్నదే. పోయేవాణ్ణి కూడా కూర్చోబెట్టి, ఇన్నాళ్లూ మేమెలా ఉన్నామో చెప్పు బాబూ అని అడగడం మాత్రం ఆ లిఫ్టుల కంపెనీలో కొత్తగా మొదలైంది. పోయేవాడు నిజం చెబుతాడని వాళ్ల ఆశ. చెప్పి చెడినవాళ్లే గాని బాగుపడినవాళ్లు లేరని పనివాళ్ల నమ్మకం.

ఆ రోజు వంతు బావమరిదిది. కన్నవాళ్లు పెట్టిన పేరొకటి ఉంది గాని, అక్క మొగుడి వెనకాల ఆ కంపెనీలో అడుగుపెట్టిన నాటి నుంచి అందరికీ అతను బావమరిదే. ఇప్పుడు వేరే చోట మంచి ఉద్యోగం దొరికింది. బావ మాత్రం ఇక్కడే ఉండిపోతాడు.

పొద్దున్నే బావ అతన్ని మెట్ల దగ్గర ఆపాడు.

"లోపల ఏమడిగినా అంతా బాగుందను. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు."

"మరి ఆ మేడలో జరిగింది, బావా?"

"ఏం జరిగింది? ఏమీ జరగలేదు. మీ అక్క మీద ఒట్టేశావు, మర్చిపోకు."

మర్చిపోవడానికి అదేమన్నా చిన్న సంగతా? లిఫ్టు బాగుచేయడం ఇద్దరి పని. ఒకడు లిఫ్టు పెట్టె నెత్తికెక్కి తాళ్లూ చక్రాలూ చూస్తాడు. రెండోవాడు పైగదిలో కరెంటు మీట దగ్గర కదలకుండా నిలబడతాడు. ఎక్కినవాడు "ఆపావా?" అని కేకేస్తే, మీట దగ్గరివాడు "ఆపాను" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా దేన్నీ ముట్టుకోకూడదు. అయితే మనుషులు చాలడం లేదని మేనేజరు బావనొక చోటికి, బావమరిదినొక చోటికి తోలడం మొదలుపెట్టాడు. ఏమడిగినా "రేపు చూద్దాం" అంటాడు గనక ఆయనకు రేపుసారని పేరు. ఒంటరిగా వెళ్లిన బావ తనే మీట దించి, తనే పెట్టెక్కి, అలవాటు కొద్దీ "ఆపావా?" అని తనే అడిగి, "ఆపాను" అని తనే పలికేవాడు. మొదట్లో అది చెప్పుకుని ఇద్దరూ పడి పడి నవ్వారు.

పోయిన నెలలో నవ్వు పోయింది. ఒక మేడలో పెట్టె పైనుంచే లిఫ్టును ఆపే ఎర్ర బొత్తాం పాడైతే బావ ఒక్కడే వెళ్లాడు. లిఫ్టు రావడం లేదని అద్దెకున్నవాళ్లు గోల పెడితే, కాపలావాడు పైగదికి పోయి మీట ఎత్తేశాడు. బావ కాళ్ల కింద పెట్టె కదిలింది. పానా కోసం అప్పుడే అక్కడికొచ్చిన బావమరిది కేక విని, పైగదికి పరుగెత్తి మీట దించేసరికి, బావ తలకూ పై దూలానికీ మధ్య జానెడు సందు మిగిలింది. కిందికి దిగాక బావ గోడకానుకుని చాలాసేపు వణికాడు. ఆ వణుకు తగ్గకముందే ఒట్టు వేయించుకున్నాడు. ఒంటరిగా ఎందుకెక్కావని తన ఉద్యోగమే పీకుతారని ఆయన భయం.

ఇంటర్వ్యూ గదికి ఒక పక్కంతా అద్దమే. అవతల బెంచీ మీద బావ కూర్చుని బూటు తాడు విప్పి కడుతున్నాడు, మళ్లీ విప్పుతున్నాడు. రేపుసారు ఫోను చెవికి పెట్టుకుని అద్దం పక్కనే పచార్లు చేస్తున్నాడు. ఫోనులో అవతల ఎవరూ లేరని చూడగానే తెలుస్తోంది.

హెచ్చార్ మేడమ్ మెత్తటి మనిషి. "ఎందుకు వెళ్లిపోతున్నారండీ?"

"జీతం బాగుందని."

"ఇక్కడేమైనా ఇబ్బంది ఉందా?"

"ఏం లేదండి. అంతా బాగుంది."

ఆ మాట అన్నాక అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా గట్టెక్కానని లేవబోయాడు.

"మంచిది. మీ జాగాలో ఇంకెవర్నీ తీసుకోవట్లేదు. మీ బావగారు ఒక్కరే చూసుకుంటానని మేనేజరుగారికి మాటిచ్చారట. అలాంటి మనిషి దొరకడం మా అదృష్టం."

అతను లేచినవాడు లేచినట్టే కూలబడ్డాడు. బావమరిది బతక కోరతాడు, దాయాది చావ కోరతాడని పెద్దలన్నారు. బతక కోరేవాడు నోరు మూసుకోవాలో తెరవాలో మాత్రం వాళ్లు చెప్పి పోలేదు. అక్క ముఖం కళ్ల ముందు కదిలింది.

"మేడమ్, ఇందాక నేను చెప్పింది అబద్ధం," అన్నాడు. ఇక ఆగలేదు. మేడ, మీట, కాపలావాడు, జానెడు సందు, అన్నీ చెప్పేశాడు.

మేడమ్ లేచింది. తలుపు తీసి బావను లోపలికి పిలిచింది. రేపుసారు కూడా పిలవని పేరంటానికి వచ్చినట్టు వెనకే వచ్చాడు.

"మీరు ఒంటరిగా పెట్టెక్కుతున్నారా?"

బావ రేపుసారు వైపు చూశాడు. "లేదు మేడమ్. వెళ్లిపోయే కోపంలో మావాడు ఏదో అంటున్నాడు."

"విన్నారుగా," అన్నాడు రేపుసారు. "ఇంటి గొడవలు ఇక్కడికి తెస్తే ఎలా?"

బావమరిది ఆయన వంక చూడలేదు. బావనే చూస్తూ నెమ్మదిగా అడిగాడు. "నిన్న చేసిన లిఫ్టు సంగతే చెప్పు బావా. 'ఆపావా' అన్నావు కదా. ఎవరు పలికారు?"

"నేనే," అన్నాడు బావ.

అని, ఆగిపోయాడు. బావ కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి కోపానివో భయానివో తెలియలేదు.

మేడమ్ అక్కడే నిలబడి పైవాళ్లకు ఫోను చేసింది. ఇద్దరు లేకుండా ఏ లిఫ్టూ తెరవకూడదని, విచారణ అయ్యేదాకా బావ స్టోరులోనే కూర్చోవాలని తేలింది. రేపుసారు రేపు మాట్లాడదామన్నాడు గాని ఎవరూ వినిపించుకోలేదు.

గేటు దగ్గర బావ ఒక్క మాటే అన్నాడు. "నీకేం, పోతున్నావు. నా ఇంటి గడప తొక్కకు."

సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఏం చేశావురా? నీ పేరెత్తితే మండిపడుతున్నారు. నా మీద ఒట్టేసి కూడా తప్పావట కదా?"

"తప్పాను అక్కా."

"ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలీదంటున్నారు. ఇంత చేసి నీకేం ఒరిగింది?"

"బావ ఇంటికొచ్చాడా?"

"రాక ఎక్కడికి పోతారు? ఇదిగో, ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారు."

"అదే అక్కా," అన్నాడు తమ్ముడు. "అదే ఒరిగింది."