పది గంటలకు రెండు యూనిఫారాలు

ఎంగెల్‌బెర్ట్ గాస్నర్ తనకు తానే ఉత్తరాలు రాసుకొనేవాడు. అందులో ఎవరికీ వింత తోచేది కాదు. లీక్టెన్‌స్టైన్ దేశపు కొండవాలున నాలుగు వందల మంది నివసించే ఓబర్‌ఆవ్ గ్రామంలో బ్యాండు మేళానికి అధ్యక్షుడూ అతడే, అగ్నిమాపక దళానికి నాయకుడూ అతడే. కొత్త ఫైరింజనుకు చర్చి పాదరీ ఆశీర్వాదం ఖాయం కాగానే, “ఆదివారం పది గంటలకు మీ దళం మా మేళం ఎదుట కవాతు చేయ ప్రార్థన” అని అధ్యక్షుడి హోదాలో రాశాడు. “సంతోషపూర్వకంగా అంగీకరిస్తున్నాం” అని నాయకుడి హోదాలో బదులిచ్చాడు. రెండింటినీ వేరువేరు దస్త్రాలలో భద్రపరిచాడు.

శనివారం సాయంత్రం భార్య నోట్‌బుర్గా ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి అడిగింది.

“ఏమయ్యా, రేపు పదింటికి బ్యాండు కోటు తీయనా, ఫైరు కోటు తీయనా? ఏది వేసుకుంటావు?”

ఎంగెల్‌బెర్ట్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. దళంలో ఉన్నదే పన్నెండుమంది. వారిలో తొమ్మండుగురు మేళగాళ్లు.

“రెండు పదవులూ వెలగబెట్టావుగా, ఇప్పుడు రెండు చోట్లా నిలబడు చూద్దాం!” అని ఆమె పకపకా నవ్వింది.

అతనికి నవ్వు రాలేదు. తనిఖీకి రాజధాని వడూజ్ నుంచి హిల్బె అనే అధికారి వస్తున్నాడు. పన్నెండుమందీ యూనిఫారంలో కనబడకపోతే, తన తాత నెలకొల్పిన ఆ దళాన్ని లోయలోని పెద్ద ఊరి దళంలో కలిపేస్తారు. పోనీ మేళాన్ని మానుకుందామా అంటే, వాయిద్యం లేని ఉత్సవాన్ని ఆ ఊరు ఏనాడూ ఎరగదు.

మరునాడు ఇంజను వెనక పన్నెండు హెల్మెట్లు నడిచాయి; వాటిలో తొమ్మిదింటి కింద బాకాలు, డోళ్లు మోగుతున్నాయి.

“నాయకుడుగారూ, మీ దళమేదండీ?” అన్నాడు హిల్బె.

“ఇదేనండి.”

“మరి బ్యాండో?”

“అదీ ఇదేనండి.”

“పంచాయతీ కూడా వీళ్లేనండోయ్, అదీ రాసేసుకోండి!” అని గుంపులోంచి ఎవరో అరిచారు.

హిల్బె ముఖం విప్పారలేదు. పన్నెండూ లెక్కపెట్టుకొని గడియారం తీశాడు. “నడవడానికేముందండీ, ఎవరైనా నడుస్తారు. బడి అటక మీద నిప్పంటుకుందనుకోండి. ఊఁ, కానివ్వండి!”

బాకాలు గడ్డిమీద వాలాయి. గొట్టం మెలికలు విప్పుకొంటూ పరుగెత్తింది. ఒకటిన్నర నిమిషంలో అటక కిటికీని నీటిధార తాకింది.

ఆగిపోయిందేమోనని హిల్బె గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకొని చూశాడు. “పోయిన నెల లోయలో ఇదే పరీక్ష పెట్టానయ్యా. ఒకడు ద్రాక్షతోటలో, ఒకడు బ్యాంకులో, ఒకడు జ్యూరిక్‌లో! పోగయ్యేసరికే పదకొండు నిమిషాలు. మీవాళ్లు ఇంత తొందరగా ఎలా వచ్చారు?”

“రావడమేముందండీ? వాయించడానికి అందరం ఇక్కడే ఉన్నాం కదా.”

“అయితే నిప్పు కూడా ఆదివారం పదింటికే అంటుకోవాలని వేడుకోండి!” అంటూ హిల్బె ఎట్టకేలకు నవ్వి, ‘దళం యథాతథంగా కొనసాగవచ్చు’ అని రాసి సంతకం చేశాడు.

ఎంగెల్‌బెర్ట్ కళ్లు చెమర్చాయి. నోట్‌బుర్గా గడ్డిమీది బాకా తీసి అతని చేతిలో పెట్టింది.

“ఏడుపు తర్వాతయ్యా. పాట సగంలో ఉంది, ఊదు!”

తడిసిన హెల్మెట్లు మళ్లీ వరుస కట్టాయి.