పొడపత్రి నమిలిన మధ్యాహ్నం

సాయన్న ఇచ్చిన ఆకును రమ్య మొహం చిట్లించి నమిలింది. కాసేపాగి అతడు ఆ పిల్ల నాలుక మీద చిటికెడు చక్కెర వేశాడు.

"ఎట్లుంది బిడ్డా?"

"ఇసుక లెక్కుంది!" రమ్య కళ్లు పెద్దవయ్యాయి. "అమ్మా, తీపే లేదే!"

"సూసినవా చెల్లె? నాలిక మీద సచ్చిన చక్కెర నెత్తుర్ల బతుకుతదా?" అన్నాడు సాయన్న, రమ్య తల్లి కళావతి వైపు తిరిగి. కోడేరు అవతల అడవి అంచున ఆకులు ఏరుకొచ్చి గద్వాలలో వీధి వీధీ తిరిగి అమ్ముకునే మనిషి. "పొడపత్రి ఇది. నలభై రోజులు తాగియ్యి. సూది మాత్రం బంద్ చెయ్యాలె. రెండూ కలిస్తే ఆకు పనిచెయ్యదు."

కళావతి రాట్నం ఆపింది. చుడుతున్న పట్టు కండె చేతిలోనే ఉంది. నలభై రోజులు. ఆ మాట వింటేనే ఆమెకు బరువు దిగినట్టై, కాళ్లు బారజాపి పడుకోవాలనిపించింది. రమ్యకు పదో ఏట షుగర్ వచ్చింది, ఇప్పుడు పన్నెండు. రోజుకు నాలుగు సూదులు. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాను ఏ కుండలో పెట్టాలో అని బెంగ. పిల్ల కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూడడం. బడి వదిలాక ఐదు నిమిషాలు ఆలస్యమైతే, దారిలో ఎక్కడో పడిపోయిందని ఆమె మనసు అప్పుడే ఏడుపు మొదలుపెడుతుంది.

"ఏందే, గట్ల సూస్తవు?" అంది అత్త జమ్ములమ్మ. "పిల్ల నోటితోనే చెప్పె గద. తుమ్మినా దవాఖాన, దగ్గినా దవాఖాన అంటవు. నీ భయంతోటే సగం సచ్చింది ఇల్లు."

"ఈ పొద్దటి నుంచే బంద్ చేద్దామమ్మా," రమ్య ఆమె చీర కొంగు పట్టుకుంది. "వీపనగండ్లకు పిన్నోళ్ల ఇంటికి నేనొక్కదాన్నే పోత. నాలుగు దినాలుంట."

కళావతి తనకు సూది వేయడం నేర్పిన నర్సు గీతకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"పొడపత్రి మీద పరిశోధనలైతే జరిగినయి అక్కా," అంది గీత. "షుగర్ గోలీలు మింగే పెద్దోళ్లల్ల కొందరికి జర దిగిందని రాసిన్రు. అదీ తక్కువ మంది మీద చేసి చూసిందే. నీ బిడ్డ సంగతి వేరు. ఆమె ఒంట్ల ఇన్సులినే తయారు కాదు. దాని బదులు ఆకు చాలుతదని ఎవ్వరూ రుజువు చెయ్యలే. సూది ఆపకు. మొదట్ల ఎట్ల తీసుకొచ్చినవో యాది లేదా?"

ఎందుకు లేదు? పిల్ల నోట్లోంచి మాగిన పండు వాసన, ఎగశ్వాస, ఆటోలో తన ఒళ్లో వాలిపోయిన తల.

"దవాఖానోళ్లు గట్లనే అంటరు," జమ్ములమ్మ పెదవి విరిచింది.

"నా నాలికకు తెల్సింది గద!" రమ్య ఏడుపు గొంతుతో అరిచింది.

కళావతి లేచింది. ఆమెకు వాదించే ఓపిక లేదు. "ఆకు నాక్కూడ ఇయ్యి అన్నా. ముందు నా మీద చూస్త. నేను పోతే పోత."

ఆమె ఇంకా అన్నం తినలేదు. షుగర్ చూసే మిషన్ తెచ్చి, వేలు చాపింది. వేలు గుచ్చే లాన్సెట్ రమ్యే అందుకుంది.

"నడుమ కాదమ్మా, పక్కకు. తక్కువ నొస్తది," అని గుచ్చింది. రెండేళ్లుగా ఆ వేళ్లు నేర్చుకున్న విద్య అది. కళావతి చూపు తిప్పుకుంది.

తొంభై రెండు.

ఆకు నమిలింది. గ్లాసు నీళ్లలో ఎనిమిది చెంచాల చక్కెర కలిపి తాగింది. ఒట్టి నీళ్లలాగే ఉంది, ఎంత చప్పగా అంటే ఆమెకు నిజంగానే ఆశ పుట్టింది. అత్తకు పేరిచ్చిన ఊరి దేవత జమ్ములమ్మ తల్లికి మనసులోనే మొక్కుకుంది. అత్త సాయన్నకు అన్నం పెట్టింది. పక్క గదిలో మగ్గం చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ముప్పావుగంట గడిచింది. రమ్య మళ్లీ గుచ్చింది.

నూట నలభై ఎనిమిది.

సాయన్న మిషన్‌ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మా నాయన చక్కెర నోట్లె ఏసి చూపిస్తుండె. నేను గట్లనే చూపిస్తున్న. నెత్తుర్ల చూసుడు మాకేడ తెల్సు చెల్లె?" అని సంచి సర్దుకున్నాడు. అతడి గొంతులో మోసం ఏమీ వినిపించలేదు, అలసటే వినిపించింది.

జమ్ములమ్మ విస్తరి తీసుకుని లోపలికి పోయింది. అంతలో కళావతికి కొత్త భయం పట్టుకుంది. మళ్లీ గీతకు ఫోన్ చేసింది. "నూట నలభై ఎనిమిదంటే నాక్కూడ షుగర్ వచ్చినట్టేనా?"

"ఎనిమిది చెంచాలు తాగితే ఎవరికైనా పెరుగుతది అక్కా. దానంతట అదే దిగుతది," గీత నవ్వింది. "నీకు ఒంట్ల ఇన్సులిన్ ఉంది గద."

నాకు ఉంది. కళావతి ఫోన్ పెట్టేసి కూతురి వైపు చూసింది.

రమ్య గోడకు ఆనుకుని కూర్చుని వేళ్ల కొనలు చూసుకుంటోంది. కోపం అయిపోయినట్టుంది. చాలాసేపటికి లేచి వెళ్లి ఇన్సులిన్ డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"వీపనగండ్లకు నువ్వు గూడ రా," అంది. "లేకుంటే నాకు నేనే ఏసుకునుడు నేర్పు."

కళావతికి ముందుగా కళ్లెదుట కనిపించినవి విరిగిన సూది, ఎక్కువైన మోతాదు, పిన్ని వాకిట్లో పడిపోయిన పిల్ల. అన్నీ చూసింది. చూసి, మందు నింపిన సిరంజి కూతురి చేతిలో పెట్టింది.

"పొద్దున పొట్టకు ఎడమ దిక్కు ఏసినం," అంది. "ఇప్పుడు కుడి. మెల్లగ. నేను పట్టుకుంట."