ఇరవై మూడు నిమిషాల తర్వాత

నేను ఒక క్యాసెట్‌ని. ఒక్కో వైపు నలభై అయిదు నిమిషాలు పట్టే పాతకాలపు క్యాసెట్‌ని. నన్ను ప్రేమగా చేతిలోకి తీసుకున్న ప్రతివాళ్ళనూ నేను అనుమానిస్తాను. ఇది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. ఫ్యాక్టరీలో గోధుమరంగు టేపు నా కడుపులో చుట్టి, మూలమూలనా స్క్రూలు బిగించి, మెరిసే కాగితం తొడిగి పంపినప్పుడు నాకు ఎవరి మీదా ఏ అభిప్రాయమూ లేదు. మొదటిసారి నాలోకి మనుషుల గొంతులు ఎక్కిన రోజునే అనుమానం కూడా ఎక్కింది.

అది నలభై ఏళ్ళ కిందటి మాట. సికింద్రాబాద్ లాలాగూడలో, రైల్వే వర్క్‌షాపు దగ్గర ఒక పాత హాల్లో నలుగురు కుర్రాళ్ళు డ్యూటీలు దిగాక చేరేవారు. తమ బ్యాండుకు 'పాదరసం' అని పేరు పెట్టుకున్నారు. వాళ్ళది రాక్ సంగీతమే కానీ మూడు నిమిషాల్లో ముగిసే రకం కాదు. దాన్ని ప్రోగ్రెసివ్ రాక్ అనేవారు. ఒక్కో పాట అరగంట దాకా నడిచేది. మధ్యలో తాళం మారేది, రాగం మారేది, పాడేవాడు పది నిమిషాలు నోరు మూసుకుని నిలబడేవాడు. విన్నవాళ్ళు మర్యాదగా "పాట ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగేవారు.

పాటలు కట్టేది, గిటార్ వాయిస్తూ పాడేది ప్రభుదాస్. డ్రమ్స్ యాదగిరి. లారెన్స్, మొయిన్ అని మరో ఇద్దరు. యాదగిరి తన బావను బతిమాలి టేప్ రికార్డర్ తెచ్చాడు. నన్ను అందులో పెట్టి 'లూప్ లైన్' అనే పాట రికార్డు చేశారు. పక్క పట్టాల మీద ఆగిపోయిన ఒక గూడ్స్ బండి, తనను దాటిపోయే బళ్ళను చూస్తూ ఎదురుచూడడమే ఆ పాట. ఏడు లెక్కల తాళం, ఇరవై మూడు నిమిషాలు. అద్భుతంగా వచ్చింది.

పాట అవగానే మిగతా ముగ్గురూ సామాను ఆటోలో సర్దడానికి కిందికి వెళ్ళారు. రికార్డర్ ఆపాలని ఎవరికీ తోచలేదు. అప్పుడు లోపలికి వచ్చాడు గురుమూర్తి. సినిమా వాళ్ళకు కొత్త బాణీలు వెతికిపెట్టే మనిషి.

"బాగుందయ్యా పాట. టేపు ఇస్తే మద్రాసులో వినిపిస్తాను. నువ్వు పాడే అవకాశం ఖాయం."

"నా ఒక్కనికేనా?" అన్నాడు ప్రభుదాస్.

"నలుగుర్నీ ఎక్కడ పెట్టను?"

ప్రభుదాస్ మెట్ల వైపు ఒకసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు. "తీస్కపోండి. మావోళ్ళకు మాత్రం చెప్పొద్దు."

నన్ను బయటికి తీయబోయినప్పుడు గానీ రికార్డర్ ఇంకా తిరుగుతోందని అతను చూడలేదు. వేలు బటన్ మీద ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిప్పి చెరిపేయడానికి వ్యవధి లేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తోంది. నేను గురుమూర్తి సంచిలోకి జారిపోయాను.

ఆ తర్వాత జరిగింది నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. టేపు ఏదని అందరూ వెతికితే, "రికార్డర్ తెచ్చింది యాద్గిరి, వాణ్ణే అడుగుర్రి," అన్నాడట ప్రభుదాస్. మరుసటి ఏడాది ఆ బాణీ ఒక సినిమాలో వినిపించింది. యాదగిరే టేపు అమ్ముకున్నాడని అందరూ తేల్చేశారు. ప్రభుదాస్ పెద్ద మనసు చేసుకుని అతన్ని క్షమించి, బ్యాండులోనే ఉంచుకున్నాడు. మనుషులు క్షమించే తీరుల్లో ఇంత సౌకర్యమైనది మరొకటి నాకు తెలియదు. సినిమాలో పాడే పిలుపు మాత్రం ప్రభుదాస్‌కు ఎన్నడూ రాలేదు.

గురుమూర్తి ఇంట్లో నేను ముప్పై ఏళ్ళకు పైగా ఒక ట్రంకు పెట్టెలో గడిపాను. ఆయన భార్య నా రెండో వైపున తను పాడుకునే మంగళహారతులు నింపుకుంది. ఆ ఇంట్లో నన్ను నిజాయితీగా వాడుకున్నది ఆవిడ ఒక్కతే. ఇద్దరూ పోయాక ఎవరో నన్ను గోనెసంచిలో వేశారు. చివరికి అబిడ్స్‌లో ఆదివారాలు పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద తేలాను.

అక్కడ నన్ను చూసి కేక పెట్టిన పిల్ల ప్రణుతి. ఇరవై ఏళ్ళు, ఫార్మసీ చదువుతోంది. వెలిసిపోయిన సిరాతో నా మీద రాసివున్న 'పాదరసం' అనే పేరు చదివి రెండు చేతుల్తో పట్టుకుంది. నేను నమ్మలేదు. నన్ను ఫోటో తీసి, పదిమంది చేత ఆహా అనిపించుకుని, ఏ అరలోనో పడేస్తుందని అనుకున్నాను.

కానీ ఆమె పాత టేప్ రికార్డర్ ఒకటి సంపాదించింది. వదులైన నా టేపును పెన్సిల్‌తో ఓపిగ్గా చుట్టింది. విన్నంతసేపూ నోట్‌బుక్‌లో ఆ పాటను రైల్వే మ్యాపులా నాలుగు రంగుల్లో గీసింది. వాళ్ళమ్మను వంటింట్లోంచి లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"ఇక్కడ విను. ఏడో లెక్క కొట్టడు, చూడు. ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఖాళీలోంచే గిటార్ వస్తుంది."

"నాకైతే గ్రైండర్ ఆగి మళ్ళీ తిరిగినట్టుందే," అంది వాళ్ళమ్మ.

పాదరసం ఇంకా వాయిస్తూనే ఉందని అప్పుడే తెలిసింది నాకు. నలుగురూ అరవై దాటినవాళ్ళు. రెండేళ్ళ కిందట పదమూడు మంది శ్రోతల మధ్య ప్రణుతి వాళ్ళను మొదటిసారి విన్నదట. లోకమంతా తనను తొందరపెడుతుంటే, వాళ్ళ పాట ఒక్కటే కూర్చోమన్నట్టు అనిపించిందట. అప్పట్నుంచి ఒక్క కచేరీ వదల్లేదు. మెట్టుగూడలో చర్చి వెనక గదిలో వాళ్ళు బుధవారాలు రిహార్సల్ చేస్తుంటే, ఆమెను ఒక మూల కూర్చోనిచ్చేవారు. యాదగిరి టేపు అమ్ముకున్నాడన్న కథ అక్కడే ఆమె చెవిన పడిందట.

ఒక రోజు పాట ముగిసినా ఆమె కళ్ళు తెరవలేదు. టేపు నడిచింది. గురుమూర్తి గొంతు, తర్వాత ఆమె ఆరాధించే గొంతు. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నది. "ఆయన కాదులే," అని పైకే అనుకుంది.

బుధవారం చర్చి మెట్ల మీద ప్రభుదాస్‌ను ఒంటరిగా పట్టుకుని నన్ను చూపించింది. ఆయన ముఖంలో మొదట కనిపించింది సంతోషం కాదు.

"మొత్తం విన్నవా?"

"లేదు సార్, పాట వరకే," అని అబద్ధమాడింది ప్రణుతి.

ఆయన ఊపిరి వదిలాడు. "నాకియ్యమ్మా. మంచిగ దాస్త. పాట తర్వాతదంతా ఉత్త చప్పుడే."

"ఉత్త చప్పుడని మీకెలా తెలుసు సార్?"

ఆయన నా కోసం చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యాదగిరి సార్‌కు మీరే చెప్పండి. వచ్చే బుధవారం దాకా ఇది నా దగ్గరే ఉంటుంది."

"చెప్తే బ్యాండు ఉండదు బిడ్డా. వచ్చే నెల నలభై ఏండ్ల ప్రోగ్రాం."

ఆ వారమంతా నేను ప్రణుతినే అనుమానించాను. రెండుసార్లు పాట చివర నన్ను ఆపి, రికార్డు బటన్ మీద వేలు పెట్టింది. అర నిమిషం నొక్కి ఉంచితే చాలు, అందరూ సుఖంగా ఉంటారు. ఆమె ప్రాణం పెట్టుకున్న బ్యాండు ఆమెకు మిగులుతుంది. రెండుసార్లూ వేలు తీసేసింది.

బుధవారం నలుగురి మధ్యా నన్ను పెట్టింది. తన పడుచు వాయింపు విని యాదగిరి తొడ మీద చరిచి నవ్వాడు. "గీ పొరగాడెవడ్రా, గింత గట్టిగ కొడుతున్నడు!" పాట అయిపోయింది. లారెన్స్, మొయిన్ చప్పట్లు కొట్టారు. ప్రభుదాస్ గిటార్ తీగలు తుడుస్తూ కూర్చున్నాడు. ప్రణుతి బటన్ మీద వేలు పెట్టి ఆయన వైపు చూసింది.

ఆయన తల ఎత్తకుండానే అన్నాడు. "ఆపకు బిడ్డా. నడువనీ."

నేను నడిచాను.

నా గొంతు ఆగాక యాదగిరి కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "మా అమ్మ పోయే ముందు గూడ అడిగింది. నిజం చెప్పు కొడుకా, నువ్వే అమ్ముకున్నవా అని. నువ్వు గా మంచం పక్కనే ఉన్నవ్, ప్రభూ."

"ఉన్న," అన్నాడు ప్రభుదాస్.

యాదగిరి స్టిక్స్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత రెండు బుధవారాలు రాలేదు. తనే బ్యాండును చంపేశానని ప్రణుతి అన్నం మానేసింది. ప్రోగ్రాంకు రెండు రోజుల ముందు ఆమెకు యాదగిరి ఫోన్ చేశాడు.

"మైకుల చెప్పమను. అందరి ముంగట. అప్పుడొస్త."

ఆ రోజు హాల్లో అరవై మంది ఉన్నారు. నేను ప్రణుతి సంచిలో ఉన్నాను. ప్రభుదాస్ మైకు ముందుకొచ్చాడు. "ఈ లూప్ లైన్ పాట టేపు యాద్గిరి అమ్ముకున్నడని మీరంత అనుకున్నరు. ఇచ్చింది నేను. సినిమాల పాడాలని ఆశపడి ఇచ్చిన. నలభై ఏండ్లు వాణ్ణి దొంగను చేసింది నేనే." ఎవరూ చప్పట్లు కొట్టలేదు. యాదగిరి స్టిక్స్ తట్టి లెక్క మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం ప్రణుతి నోట్‌బుక్ తెరవలేదు. ఇంత గొప్ప పాట కట్టిన మనిషి, అంత నీచమైన పని చేసిన మనిషి ఒకరేనని ఒప్పుకోవడానికి ఆమెకు పాట పొడవునా సమయం పట్టి ఉంటుంది.

ముగిశాక ప్రభుదాస్ చెయ్యి చాపాడు. యాదగిరి అందుకోలేదు. "మూడో భాగంల తొందరపడ్డవ్. బుధవారం సరిజేద్దాం," అని దిగిపోయాడు.

ఇప్పుడు నేను ప్రణుతి అల్మారాలో, ఆమె నోట్‌బుక్కుల పక్కన ఉన్నాను. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది స్నేహమో, నలభై ఏళ్ళ అలవాటో నాకు తెలియదు. నేను తొందరపడి నమ్మను. ప్రతి బుధవారం ప్రణుతి రిహార్సల్ నుంచి వచ్చి వాళ్ళమ్మకు చెప్పే మాటల కోసం మాత్రం చెవి ఒగ్గి ఉంటాను. నిన్న ఆమె చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.

"అమ్మా, ఇవాళ మధ్యలో ప్రభుదాస్ సార్ గిటార్ స్ట్రింగ్ తెగిపోయింది. యాదగిరి సార్ లేచి, తన స్టిక్స్ సంచిలోంచి కొత్తది తీసి ఆయన ఒళ్ళో పడేశారు. ఆయనది డ్రమ్స్ కదమ్మా, సంచిలో గిటార్ స్ట్రింగ్ ఎందుకుంది?"

"అడక్కపోయావా?"

"అడగబోయానమ్మా. అంతలోనే లెక్క మొదలుపెట్టేశారు."