ఎత్తి చూడని బోర్డు

మా కొట్లో ఒక పద్ధతుంది. కంప్యూటర్ కట్టించుకునేవాళ్ళు సామాన్ల జాబితా తెస్తే, నేను ఒక్కో వస్తువునీ అట్టపెట్టెతో సహా అరచేతిలో పెట్టుకుని ఎత్తి చూస్తాను. బరువు సరిపోయిందనిపిస్తే జాబితాలో దాని పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెడతాను. టిక్కు పడిందంటే ఆ వస్తువుకి నాదీ పూచీ అని అర్థం. "మదర్‌బోర్డుల్ని వంకాయల్లా తూచి అమ్ముతున్నావా?" అని ఎదురు కొట్టతను ఎన్నిసార్లు వెక్కిరించాడో లెక్కలేదు. వెక్కిరించుకోనీ. ప్రాసెసర్‌కి కరెంటు అందించే చిప్పులు బోర్డు మీద ఓ వరుసలో ఉంటాయి. పని పెరిగితే అవి కాగిపోతాయి. వాటి నెత్తిన మంచి లోహపు దిమ్మ ఉంటే ఆ వేడిని లాగేస్తుంది. కొన్ని చవక బోర్డులకి దిమ్మ బదులు వెండిరంగు పూసిన ప్లాస్టిక్ తొడుగు బిగించి ఊరుకుంటారు. చూస్తే తేడా తెలియదు, చేత్తో ఎత్తితేనే తెలుస్తుంది.

ఈ పెన్సిలు వల్ల నాకు "పెన్సిలమ్మ" అని పేరు పెట్టింది ఒకే ఒక్క మనిషి. ఆ పేరుతో పిలిచిందీ ఆయనొక్కరే. ఐదు గీగా మాస్టారు.

లెక్కల ట్యూషన్లు చెప్పుకునేవారు. చవక ప్రాసెసర్ కొని, కంపెనీ పెట్టిన వేగం దాటించి, ఐదు గీగాహెర్ట్జ్ దాకా తోలాలని ఆయన పిచ్చి. దాన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. "పెద్ద ప్రాసెసరే కొనుక్కుంటే పోయేదానికి ఈ తంటా అంతా ఎందుకు మాస్టారూ?" అంటే, "కొనుక్కున్నదాంట్లో మజా ఏముందమ్మా!" అనేవారు. నెల్లాళ్ళు నా తల తిన్నారు. వేగం పెంచుకోనిచ్చే ప్రాసెసర్ ఏదో మొదటి వారమే తేలిపోయింది. తేలనిదల్లా బోర్డే. చివరికి ఒకరోజు మధ్యాహ్నం జాబితా నా ముందు పెట్టి, "నిజం చెప్పు పెన్సిలమ్మా, ఈ బోర్డు నిలబడుతుందా?" అని అడిగారు.

ఆ రకం బోర్డులు మూడు మా అరలో పద్నాలుగు నెలలుగా దుమ్ము కొట్టుకుపోతున్నాయి. వాటిని వదిలించడం చేతకాలేదని ఆ పొద్దున్నే మావయ్య నన్ను చెడామడా తిట్టాడు. కొట్టు ఆయనది, పడి ఉండాల్సింది నేను. నాకు ఒళ్ళు మండిపోయి ఉంది. "నిలబడుతుంది మాస్టారూ" అని టిక్కు పెట్టేశాను. ఎత్తి చూడలేదు. మాస్టారు అప్పుడు తల వంచుకుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నేను ఎత్తలేదని ఆయనకి తెలియదు, కొట్లో మూడో మనిషి లేడు.

పదిరోజులకి మాస్టారు పోయారు. వేగం పెంచిన మిషన్ నిలబడుతుందో లేదో చూడ్డానికి దానిచేత గంటల తరబడి ఆగకుండా లెక్కలు చేయిస్తారు. ఆ టెస్టు పెట్టుకుని పక్క కుర్చీలోనే నిద్రపోయారట. గదంతా పొగ. వాళ్ళ చెల్లెలు కొట్టుకొచ్చి, "సామానులో ఏదైనా లోపమాండీ?" అని అడిగింది. "గోడలో వైరింగ్ అయ్యుంటుందమ్మా" అన్నాను. ఎంత తేలిగ్గా అనేశానో తలుచుకుంటే నా నోటి మీద నాకే అసహ్యం. ఏమైనా తెలిస్తే చెప్పమని ఆవిడ ఫోన్ నంబరు రాసిచ్చి వెళ్ళింది. ఆ చీటీని కౌంటర్ అద్దం కిందికి తోశాను. మిగిలిన రెండు బోర్డుల్లో ఒకదాన్ని ఎత్తి చూద్దామని వెళ్ళాను గానీ చెయ్యి రాలేదు. ఎత్తకపోతే తెలియదు, తెలియకపోతే నా తప్పు కాదు. ఇలా నాకు నేనే సర్దిచెప్పుకుని, వాటిని పై అరలో వెనక్కి నెట్టి, అడిగినవాళ్ళకల్లా స్టాకు లేదని చెబుతూ ఏడాది నెట్టుకొచ్చాను.

మొన్న సోమవారం మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. బయట వాన. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, ఫోన్‌ని చేతిరుమాల్లో చుట్టి పట్టుకుని లోపలికొచ్చింది. వానకి చుట్టుకుందేమో అనుకున్నాను.

"పెన్సిలమ్మంటే మీరేనా అక్కా?"

సొరుగులో ఉన్న నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. "ఆ పేరు నీకెవరు చెప్పారు?"

"మాస్టారండీ. కంప్యూటర్లు కట్టుకునేవాళ్ళ గ్రూపులో పరిచయం. నేను యానిమేషన్ చేస్తాను. బడ్జెట్టేమో అంతంతమాత్రం. చవక ప్రాసెసరే తీసుకుని వేగం పెంచుకోమని ఆయనే చెప్పారు. బోర్డు సంగతి మాత్రం మిమ్మల్నే అడగాలన్నారు."

జాబితా నా చేతికిచ్చింది. రాత ఆమెదే. వరుస మాత్రం మాస్టారిది. ముందు ప్రాసెసర్, తర్వాత మెమొరీ, పవర్ సప్లై, క్యాబినెట్. అన్నిటికన్నా చివర, ఒక గీత వదిలి, బోర్డు. దాని పక్కన టిక్కు కోసం ఖాళీ గడి. బోర్డూ అదే.

ఎవరో పనిలేనివాళ్ళు పోయిన మనిషి పేరుతో ఆటలాడుతున్నారనుకున్నాను. చిర్రెత్తుకొచ్చింది. "ఆయన మొహం నువ్వెప్పుడైనా చూశావా?"

"లేదక్కా, ఫొటో ఉండదు. ఎప్పుడు చూసినా ఆన్‌లైన్లోనే ఉంటారు. మీరు నిద్రపోరా అంటే, టెస్టు నడుస్తోంది, ఆపడానికి లేదు అంటారు. ప్రతి మెసేజ్ చివరా ఒక నంబరు పెడతారు. మొదట్లో తొంభై ఒకటి. అలా పెరుగుతూ వస్తోంది. ఇవాళ పొద్దున నూట పద్దెనిమిది. అదేంటో మీకేమైనా తెలుసా?"

తెలుసు. బోర్డు మీద ఆ చిప్పులు ఎంత కాగాయో చెప్పే లెక్క అది. నూట ఇరవై ఐదు డిగ్రీల దాకా ఓర్చుకుంటాయి. నాకు తెలియదని తల అడ్డంగా ఊపాను.

"ఆ రుమాలెందుకు?"

"ఆయన మెసేజ్ వచ్చినప్పుడల్లా ఫోన్ కాలిపోతుంది. రిపేరువాళ్ళకి చూపించాను, ఏమీ లేదన్నారు." రుమాలు కొంచెం తప్పించి చూపించింది. వేలితో తాకి చటుక్కున వెనక్కి తీసుకున్నాను. పొయ్యి మీంచి దింపిన గిన్నెలా ఉంది.

మాట మార్చాలని, "ఇంట్లో ఎవరెవరుంటారమ్మా?" అన్నాను.

"నేనూ మా అమ్మమ్మా. ఒకటే గది. అమ్మమ్మ మంచం దిగలేదు. నేను పనికెళ్ళేటప్పుడు మిషన్ నడుస్తూ వదిలేసి వెళ్ళాలి. బొమ్మలు తయారవడానికి రోజంతా పడుతుంది కదా. టేబులు అమ్మమ్మ మంచం పక్కనే."

"ఆ బోర్డు స్టాకు లేదు" అన్నాను. గల్లాపెట్టె దగ్గర పేపరు చదువుకుంటున్న మావయ్య తలెత్తి జాబితా వైపు చూశాడు.

"ఏ బోర్డు? అదా? ఉండాలిగా రెండు!" స్టూలు లాక్కుని ఎక్కి, పై అర వెనక చెయ్యిపెట్టి వెతికి, ఒక పెట్టె దింపాడు. దుమ్ము ఉఫ్మని ఊది నా ముందు పెట్టాడు. "సరుకు పెట్టుకుని లేదంటావేంటే? కళ్ళు నెత్తికెక్కాయా? టిక్కు పెట్టు, పాపం ఆ పిల్ల నిలబడే ఉంది."

ఫోన్ గుర్రుమంది. అమ్మాయి చదివింది. "'నిజం చెప్పు పెన్సిలమ్మా, ఈ బోర్డు నిలబడుతుందా?' అని అడగమంటున్నారు. నూట ఇరవై ఒకటి."

అవే మాటలు. ప్లాస్టిక్ కాగుతున్న వాసన సన్నగా మొదలైంది. నా భ్రమేమో అనుకున్నాను గానీ మావయ్య కూడా ముక్కు ఎగబీల్చి, "ఏదో కాలుతోందే" అంటూ స్విచ్‌బోర్డులు తడిమి చూస్తున్నాడు.

"ఇది పాత రకం. ఇంతకన్నా మంచిది చూపిస్తాను రామ్మా" అన్నాను. నిజం చెప్పకుండానే ఆ పిల్లని గట్టెక్కించేద్దామని నా తెలివి.

"అడిగింది ఇవ్వవే!" అన్నాడు మావయ్య.

ఫోన్ మళ్ళీ గుర్రుమంది. రుమాలు అంచు గోధుమరంగుకి తిరుగుతోంది. అమ్మాయి దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటూ చదివింది. "నూట ఇరవై మూడు. 'ఆరోజు ఎత్తి చూశావా?' అంటున్నారు." నా మొహంలోకి చూసింది. "ఏ రోజక్కా?"

నేను ఎత్తలేదన్న సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నా నోటితో నేను ఎవరికీ చెప్పలేదు. అంతవరకూ కోపంతో నెట్టుకొచ్చానుగానీ, అప్పుడు భయమేసింది. చచ్చేంత భయమేసింది. ఏడాదిగా ఆయన ఆ గదిలోనే, ఆ కుర్చీలోనే, ఆ అంకె పెరగడం చూస్తూ కూర్చుని ఉన్నారా?

"నూట ఇరవై నాలుగు" అంది అమ్మాయి.

పెట్టె కింద అరచెయ్యి పెట్టి ఎత్తాను.

ఖాళీ పెట్టెలా లేచొచ్చింది. లోపల బోర్డు ఉన్నట్టే లేదు. మూత చించి, బోర్డు బయటికి తీసి, చిప్పుల మీదున్న వెండిరంగు తొడుగు సందులో గోరు పెట్టి లాగాను. టక్కుమని ఊడి చేతికొచ్చింది. చిన్నపిల్లల బొమ్మ ముక్కలా ఉంది. దాని కింద చిప్పులు బోసిగా ఉన్నాయి.

"నిలబడదు" అన్నాను. అమ్మాయితో కాదు, ఆ ఫోన్‌తో. "నిలబడదు మాస్టారూ. ఆరోజు నేను ఎత్తి చూడలేదు. మావయ్య చేత తిట్లు తినలేక టిక్కు పెట్టేశాను. మీరు నన్ను నమ్మారు." ఆపైన ఏడుపు తన్నుకొచ్చింది. కొట్లో నిలబడి అంత గట్టిగా ఏడవడం నా జన్మలో అదే మొదటిసారి.

"దీనికేమైనా పిచ్చి పట్టిందా!" అన్నాడు మావయ్య. కానీ ఆయన కళ్ళు నా చేతిలోని ప్లాస్టిక్ ముక్క మీదే ఉన్నాయి.

అమ్మాయి బెదురుతూనే నా మాటలు ఒక్కోటీ టైపు చేసింది. ముగ్గురం ఆ తెర మీదికి వంగాం. అవతల ఏదో రాస్తున్నట్టు మూడు చుక్కలు కదులుతున్నాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"'టెస్టు ఆపేస్తున్నాను' అన్నారు." అమ్మాయి తెరని పైకీ కిందికీ జరిపి చూసింది. "ఈసారి నంబరు లేదక్కా."

కాలిన వాసన ఎప్పుడు పోయిందో గమనించలేదు, వాన వాసన ఒక్కటే ఉంది. అమ్మాయి రుమాలు విప్పి ఫోన్‌ని చెంపకి ఆనించుకుంది. "చల్లబడిపోయింది" అంది నమ్మలేనట్టు. అంతలోనే మళ్ళీ చూసుకుని, "ఇంకోటి వచ్చింది. 'ఇక మా చెల్లెలికి చెప్పు.' అంతే. ఆఫ్‌లైన్ అయిపోయారు. నాకు పరిచయమైన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా ఆఫ్‌లైన్ అవ్వలేదు ఆయన."

అమ్మాయికి వేరే బోర్డు ఇచ్చాను, రెండుసార్లు ఎత్తి చూసి మరీ. వేగం పెంచే పని మాత్రం పెట్టుకోవద్దని, అమ్మమ్మ మంచం అవతలి గోడ వైపుకి మార్చమని చేతులు పట్టుకుని చెప్పాను. సరేనంది. వాళ్ళ మాస్టారెవరో అడగలేదు. అడుగుతుందేమోనని చూశాను గానీ, గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

కౌంటర్ అద్దం పైకెత్తి చీటీ బయటికి తీశాను. ఏడాదిలో కాగితం పసుపుపచ్చగా అయింది గానీ అంకెలు చెరగలేదు. "ఇప్పుడు ఎవరికే ఫోన్?" అన్నాడు మావయ్య. గొంతులో మునుపటి జోరు లేదు. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"ఎవరండీ?"

"నేను కంప్యూటర్ కొట్లో పెన్సిలమ్మనమ్మా" అన్నాను. "మీ అన్నయ్యకిచ్చిన బోర్డు నేను ఎత్తి చూడలేదు."