ఎనక్కి నడిచే పాట

గిటార్ అనంగనే మీకేం యాదికొస్తది? కాలేజీ ఫంక్షను, బెల్ బాటమ్ ప్యాంటు, మెడ దాక జుట్టు పెంచిన పోరడు. గదంత జర పక్కకు పెట్టుండ్రి. నేను చెప్పే లతీఫ్ లుంగీ ఎగ్గట్టి వరి మడి ఒడ్డు మీద కూసొని గిటార్ కొట్టేటోడు. మోకాళ్ల దాక బురద. గిటార్‌కు తడి తగలొద్దని కింద యూరియా బస్తా. పానగల్ ఊర్ల, ఎనభైల్ల, నాట్ల పాటకు గిటార్! సినిమా పాటకు కాదు, పెండ్లి బ్యాండుకు కాదు, నాట్ల పాటకు! ఎవలకు చెప్పినా ముందుగాల నవ్వుతరు, ఎనక "మళ్లోసారి చెప్పు" అంటరు. అందుకే చెప్తున్న.

లతీఫ్ వాళ్ల నాయిన ఖుద్దూస్ పరుపులు కుట్టేటోడు. దూది ఏకే విల్లు మనిషంత పొడుగుంటది. దాన్ని భుజానికేసుకొని ఊరూరు తిరిగి, ఎవలన్న పిలిస్తే వాకిట్ల కూసొని, విల్లు తీగను కట్టె గుండుతోని కొడతడు. దుంగ్... దుంగ్... తీగ అదురుతుంటే గడ్డకట్టిన దూది పొగ లెక్క లేస్తది. లతీఫ్ పుట్టిన్నాటి సంది విన్న సప్పుడు గదే. పెండ్లిళ్లల్ల సినిమా పాటలు కొట్టే ఆర్కెస్ట్రావోళ్లు ఒకసారి మెడ ఇరిగిన గిటార్‌ను ఫంక్షన్ హాలు ఎనక పారేసి పోయిన్రు. అందరికి పొయిల కట్టె కనవడ్డది, లతీఫ్‌కు నాయిన విల్లు కనవడ్డది. వడ్ల కిష్టయ్య టేకు ముక్క పెట్టి మెడ అతికిచ్చిండు. తెగిన తీగ జాగల సైకిల్ బ్రేకు తీగ పోగు ఎక్కిచ్చిన్రు. నేర్పేటోడు లేడు. బొటనేలుతోని లావు తీగను విల్లు కొట్టినట్టే కొట్టుడు, మిగిలిన ఏళ్లతోని సన్న తీగల మీద పాట ఎతుక్కునుడు. అంతే, గదే స్టైలు!

అదే ఆర్కెస్ట్రాల కొన్నాళ్లు పనిచేసిండు గూడ. ఒక పెండ్లిల, మంచి లవ్ సాంగ్ నడుమ, లీడర్ మైకు ముందటనే అడిగిండు: "అరేయ్, పాట కొడుతున్నవా, పరుపు ఏకుతున్నవా?"

పెండ్లి మందంత నవ్విన్రు. పెండ్లికొడుకు గూడ నవ్విండు. లతీఫ్ గిటార్‌ను సంచిల పెట్టుకొని స్టేజీ దిగిండు, మళ్ల ఎక్కలె.

ఇగ సైదమ్మ సంగతి. సైదమ్మ కూలికి, కైకిలికి పోయే మనిషి, నాట్లేసే ఆడోళ్ల జట్టుకు పాట ఎత్తేది ఆమెనే. ఆమె ఒక వరుస అంటది, మిగిలినోళ్లు అందుకుంటరు. లతీఫ్ ఒక రైతు ఇంట్ల పరుపు ఇచ్చి, భుజాన గిటార్ సంచితోని ఒడ్డెంట వస్తుంటే ఆ గొంతు వినవడ్డది, కాళ్లు ఆగిపోయినయి.

"నారు పీకి పెడితినే, నల్ల మబ్బు పిలిస్తినే,
మబ్బు నన్ను సూడదాయె, మడిల నీళ్లు సాలవాయె..."

పాటకంటె ముందు లతీఫ్ వాళ్ల చేతులు చూసిండు. అందరు వంగి, బొటనేలుతోని నారును బురదల గుచ్చుతున్నరు. వరుస అయిపోంగనే అందరు ఒక్కసారే ఒక అడుగు ఎనక్కి. నాటు ఎనక్కి నడుచుకుంటనే గదా ఏసేది. బొటనేలు, బొటనేలు, బొటనేలు, అడుగు! లతీఫ్ సంచిలకెళ్లి గిటార్ తీసి, వాళ్ల బొటనేలు బురదల దిగినప్పుడల్ల తన బొటనేలు లావు తీగ మీద దించిండు. దుంగ్... దుంగ్... దుంగ్... ఎక్కడ పెట్టాల్నో ఎవలు చెప్పలె, అయినా సరిగ్గ కూసున్నది!

ఆడోళ్లు పాట ఆపి నిలబడ్డరు. సైదమ్మ నడుం మీద చెయ్యేసుకొని అడిగింది:

"ఎవల్రా నువ్వు? ఖుద్దూస్ కొడుకువు గాదూ? ఓ అల్లుడా, ఆ డబ్బల గూడ దూది నింపినవా? సప్పుడు గంత మెత్తగుంది!"

"మెత్తగుంటె నిద్రొస్తది అత్తా, నీ పాట వింటె ఎగిరిపోతది. రెండు సమం అయితయి."

"మాటలు మంచిగనే ఏకుతున్నవ్. కొట్టు మరి, ఆపినవేంది?"

గంతే. గా రోజు సంది నాట్లొస్తే లతీఫ్ ఆ జట్టుల మనిషి. ఉత్తగ కూసునేటోడు కాదు, నారు కట్టలు మోసేటోడు, పంచేటోడు, ఎనక ఒడ్డు మీదికెక్కి గిటార్ పట్టేటోడు. రైతులు "గిటార్ జట్టు" అని పేరు పెట్టి పిలుస్తుండె. కొల్లాపూర్ దిక్కు నుంచి కబురొస్తే లారీల ఎక్కి పోయిన్రు, కృష్ణ ఒడ్డున గూడ నాట్లేసిన్రు. అక్కడి ముసలాయన ఒకాయన లతీఫ్‌ను చూసి "ఈ పిలగాడు ఏం పని జేస్తడు?" అంటే, సైదమ్మ వంగిన కాడికెళ్లే "మా నడుం నొప్పి మోస్తడు" అన్నది. ఆ మాట నాకు మస్తు ఇష్టం.

కని లతీఫ్‌కు లోపల ఒకటే పురుగు. తన గిటార్ ఒక్కసారన్న క్యాసెట్ల ఎక్కాలె. మడిల కొట్టింది మడిల్నే పోతది, నాటు ముదిరి కోతకొస్తే గా ఏడాది పాట యాడున్నట్టు? గది చాలదన్నట్టు భార్య లాల్ బీ. పరుపుల మీది గలేబు గుడ్డలు కుట్టుకుంట సూది కంటె సురుకుగ పొడుస్తుండె.

"పాటంటె టేపుల ఉండాలె. నువ్వు కొట్టేది ఎవలింటున్నరు? కప్పలు!"

"కప్పలకు గూడ చెవులుంటయి లాల్ బీ."

"ఉంటయి. అందుకే రాత్రంత మొత్తుకుంటయి."

ఆయన నవ్వేటోడు, కని ఆ మాట మాత్రం లోపల కూసున్నది.

తొంభైలొచ్చినయి. స్పాంజి పరుపులొచ్చినయి, దూదికి గిరాకీ తగ్గింది. ఖుద్దూస్ విల్లును దూలానికి ఏలాడగట్టిండు. అప్పుడే చౌటుప్పల్ నుంచి అమరేందర్ కబురు పంపిండు. ఈయనకు రోడ్డు మీద క్యాసెట్ల షాపు, మంచోడే, కని బాగ తొందర మనిషి. షాపు మీది అర్రను రికార్డింగ్ రూము చేస్తున్నడు. కింద హైవే, లారీల హారన్లు. "గోడలకు మొత్తం దూది పరుపులు కొట్టాలె లతీఫ్, చీమ తుమ్మినా లోపలికి రావొద్దు" అన్నడు.

లతీఫ్ నాయిన విల్లును దూలం నుంచి దించి, దూది ఏకి, గోడ గోడకు పరుపు కుట్టిండు. పని అయినంక తలుపు మూసి చెయ్యి తట్టి చూసిన్రు. సప్పుడు పుట్టిన కాడనే సచ్చిపోయింది! అమరేందర్ మస్తు ఖుషీ అయిండు. లతీఫ్ అదే టైమని అడిగిండు:

"సార్, ఈ రూముల ముందుగాల మా పాట పట్టుండ్రి. సైదమ్మత్త పాడుతది, నేను గిటార్ కొడత."

"నాట్ల పాటకు గిటారా?" అమరేందర్ నవ్వి, ఎనక ఆగి, "తీస్కరా, చూద్దాం" అన్నడు.

సైదమ్మ పెట్టెల చీర కట్టుకొని వచ్చింది. రూముల ఒకటే మైకు, నిలువు స్టాండు. ఆమె పక్కన లతీఫ్ కుర్చీల. పాట మొదలైంది, అయిపోయింది. అమరేందర్ హెడ్‌ఫోన్లు తీసి లతీఫ్ చెవులకు పెట్టిండు.

మీరు ఊహించుకోండ్రి! జిందగీల మొదటిసారి ఆయన తన గిటార్‌ను బయటినుంచి వింటున్నడు. బొటనేలు సప్పుడు గుండ్రంగ, నాయిన వాకిట్ల కూసొని కొట్టినట్టే. బ్రేకు తీగ గూడ ఏం పాడుతుంది! లతీఫ్ కండ్లు మూసుకున్నడు.

"గిటార్ సూపర్. ఓకే, ఇదే ఖాయం," అన్నడు అమరేందర్.

అప్పుడు లతీఫ్‌కు ఆ సప్పుడు పక్కన ఉన్న గొంతు వినవడ్డది. బడిల పిల్ల పద్యం అప్పజెప్పినట్టు. ఎక్కడా తప్పు లేదు, ఎక్కడా పానం గూడ లేదు. హెడ్‌ఫోన్లు ఆమెకిచ్చిండు. సైదమ్మ విని హెడ్‌ఫోన్లు తీసింది.

"నేనేనా అల్లుడా గిది?" ఎనక తనే అన్నది, "పోనీ తియ్యి. నీ గిటార్ మంచిగొచ్చింది గద. నువ్వు ఇన్నేండ్ల సంది ఎదురు చూసింది దీనికే గద. ఉండనియ్యి."

లతీఫ్ గోడలకు కొట్టంగ మూలకు మిగిలిన దూది చూసిండు. ఇంత తీసి, నారు కట్ట లెక్క ఆమె ఎడమ చేతుల పెట్టిండు.

"అత్తా, నిలబడి నువ్వెప్పుడన్న పాడినవా? వంగు. నాటెయ్యి."

సైదమ్మ ఆయన మొఖం చూసింది, నవ్వింది, కొంగు నడుముకు చెక్కింది. వంగి, దూది పోగు ఒకటి నేల మీద పెట్టి పాట ఎత్తింది. ఓయమ్మ! అర్రంత మడి అయిపోయింది! అమరేందర్ ఉరికొచ్చి మైకును మోకాళ్ల కాడికి దించిండు. కని వరుస అయిపోంగనే సైదమ్మ అడుగు ఎనక్కి. ఇంకో వరుస, ఇంకో అడుగు. మైకు ఇక్కడ, గొంతు అక్కడ, పోయి పోయి ఎనక గోడకు తాకింది.

"అమ్మా, ఒక్క కాడ ఉండి పాడరాదూ?"

"ఒక్క కాడ నాటేస్తె మడంత ఎవలేస్తరు సారూ?"

మైకును ఆమె మెడకు కట్టి చూసిన్రు, చీర రాసుకొని గరగర. అమరేందర్ తనే మైకు చేతిల పట్టుకొని ఎంబడి నడిచిండు. రెండో వరుసల్నే సైదమ్మ లేచి నిలబడ్డది.

"నా నాటు తొక్కుతున్నవ్ సారూ!"

కింద చూస్తే నిజమే, అమరేందర్ బూటు కింద దూది వరుస. మళ్ల చూసిన్రు. ఆయన అడుగు ఒకసారి ముందు, ఒకసారి ఆలస్యం, ఆమెకు పాట తెగిపోతనే ఉన్నది. ఇంకొంచెం సేపైతే కరెంటు పోతది, పల్లెలకు కరెంటు కోత టైము. అమరేందర్ చెమట తుడ్సుకొని, "మొదటిదే ఉంచుదాం లతీఫ్. గిటార్ అయితే అదిరింది గద," అన్నడు.

అప్పటి దాక లతీఫ్ గిటార్ ఒళ్లెనే ఉన్నది. ఆమె ఏ ఊపిరికి అడుగేస్తదో ఆ అర్రల ఎరుకైంది ఆయనకొక్కనికే. ఆ ఊపిరి పట్టుకొనే ఇన్నేండ్లు తీగ కొట్టిండు.

గిటార్‌ను తీసి గోడకు ఆనిచ్చిండు. చెప్పులిడిచిండు.

"మైకు ఇటియ్యుండ్రి సార్."

"మరి గిటార్?"

"మైకు పట్టిన చెయ్యి తీగెట్ల కొడతది? మొదటిది తుడిచెయ్యుండ్రి. దాని మీదనే పట్టుండ్రి."

సైదమ్మ వద్దన్నది. "నాకోసం గట్ల చెయ్యకు బిడ్డా" అన్నది. అల్లుడా అనలె, బిడ్డా అన్నది. లతీఫ్ అప్పటికే ఆమె ముందట వంగి నిలబడ్డడు.

"నారు ముదురుతుందత్తా, పాట ఎత్తు!"

ఇద్దరు వంగి, ఒకలు ఎనక్కి, ఒకలు ముందటికి, దూది వరుస తొక్కకుండ. పాట మొత్తం ఒక్క దెబ్బల అయిపోయింది. ఆఖరుకు సైదమ్మ వీపు పరుపుకు తాకింది, "అల్లుడా, గోడొచ్చింది!" అన్నది. లతీఫ్ పక్కున నవ్విండు. అప్పుడే కరెంటు పోయింది. మళ్ల పట్టే మోఖా లేదు, అమరేందర్ ఆ మాటను, ఆ నవ్వును తియ్యలేదు.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద సైదమ్మ ఫోటో, సైదమ్మ పేరు. ఇగ చూడుండ్రి, నల్లగొండ బస్టాండుల, మహబూబ్‌నగర్ పోయే బస్సులల్ల, చాయ్ హోటళ్లల్ల అదే పాట! పాట ఒక ఎత్తు, చివరి మాట ఒక ఎత్తు. బస్సు ఎనక్కి తియ్యాలంటె క్లీనర్లు "అల్లుడా, గోడొచ్చింది!" అని ఒర్రుతుండె.

లతీఫ్ ఒక క్యాసెట్ ఇంటికి తెచ్చి, ఏం చెప్పకుండ గూట్ల పెట్టిండు. లాల్ బీనే పక్కింటోళ్ల టేపు రికార్డర్ అడిగి తెచ్చింది. పొద్దుగూకే యాళ్ల, ఖుద్దూస్ లోపల నడుం వాల్చిండు, ఆమె వాకిట్ల గలేబు కుట్టుకుంట పెట్టింది. పాటంత విన్నది, సూది ఆగింది.

"నీ గిటారేది?"

"లేదు."

"గిటార్ లేకుంటె నువ్వేం జేసినవ్ గాడ?"

"మైకు పట్టిన."

లాల్ బీ నోరు తెరిచింది, కప్పల మాట మళ్లొస్తదనుకున్నడు లతీఫ్. అప్పుడే టేపుల "గోడొచ్చింది" అని సైదమ్మ, ఎంబడే నవ్వు. లాల్ బీ ఆ నవ్వును గుర్తు పట్టింది. ఎనక్కి తిప్పి మళ్ల విన్నది. ఇంకోసారి తిప్పింది. ఎనక మొత్తం మొదటికి తిప్పి, టేపును నులక మంచం మీద పెట్టింది.

"గిటార్ తియ్యి."

"ఎందుకు?"

"ఎందుకేంది? ఆమె పాడుతది, నువ్వు కొట్టు. నేను వింట."

లతీఫ్ గిటార్ తీసిండు. టేపుల సెల్లులు వీకున్నయి, సైదమ్మ గొంతు జర జర కిందికి దిగుతుంది. ఆయన గూడ గిటార్ మెడ కాడి మర తిప్పి తీగలను ఆ గొంతు కాడికి దించుకుంట పోయిండు. బొటనేలు, బొటనేలు, బొటనేలు... అడుగు కాడ ఆగుడు. లాల్ బీ గలేబు ఒళ్లె పెట్టుకొని, కుట్టుకుంటలేదు, వింటుంది.

"జర గట్టిగ కొట్టు," అన్నది. "లోపల మీ నాయినకు గూడ వినవడాలె."