అమ్మమ్మ చేతి నూనె

రూబీకి అనుమానమే ఉద్యోగం. హైటెక్ సిటీలో ఓ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె పని. ఇంటికొచ్చాక కూడా ఆ అలవాటు వదలదు. తేదీ రెండుసార్లు చూడనిదే పాల ప్యాకెట్‌కు కత్తెర పెట్టదు.

టైఫాయిడ్ తర్వాత ఆమె జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది. తెల్లాపూర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్లలోనే, ఎదురు బ్లాకులో ఉండే స్వప్న గుంటగలగరాకు నూనె అమ్ముతుంది. సీసా మీద 'అమ్మమ్మ చేతి నూనె' అని ముద్దుగా రాసి ఉంటుంది. అన్నింటినీ అనుమానించే ఈ మహాతల్లి, దాన్ని మాత్రం వాసన చూసి నమ్మేసింది. మూడు నెలలకు నుదుటి దగ్గర కొత్త వెంట్రుకలు మొలిచాయి.

ఇక అనుమానమంతా నెల కిందట కుదిరిన వంటమనిషి రేణుక మీదికి మళ్లింది. ఆమె అరచేతులు నల్లగా ఉన్నాయి. మసి కాదు, మట్టి కాదు. ఆ చేతులతో పిండి కలిపి చేసిన చపాతీలను రూబీ ముట్టలేదు.

"ఆ చేతులకి ఏమైంది రేణుకా?"

"ఏం లేదు మేడం. మరక. కడిగినా పోతలేదు," అంటూ రేణుక చేతులు కొంగులో దాచుకుంది.

దాచిందంటే ఏదో ఉన్నట్టే కదా! ఏ చర్మరోగమో, ఏ అంటువ్యాధో! రూబీ చాటుగా ఫోటో తీసి అసోసియేషన్‌కు పంపింది, తన పేరు బయటపెట్టొద్దని మరీ చెప్పి. మర్నాటికల్లా రేణుక గేటు పాసు రద్దయింది. రూబీ ఇల్లొక్కటే కాదు, లోపల చేస్తున్న నాలుగిళ్ల పనీ పోయింది.

రెండు వారాలకు నూనె అయిపోయి రూబీ స్వప్నకు ఫోన్ చేసింది.

"ఇంకెక్కడి నూనెండీ! ఆకు దంచి రసం తీసే రేణుకను ఎవరో గేటు దగ్గరే ఆపించేశారు. ఆ రసానికి చేతులు నల్లబడతాయండీ, రోగమేం కాదు. అసోసియేషన్‌కు వెళ్లి చెబుదామంటే, సీసా మీద అమ్మమ్మ పేరు పెట్టుకున్నానాయె. ఎవరికీ చెప్పొద్దని రేణుక దగ్గర ఒట్టు కూడా వేయించుకున్నాను."

రూబీ చెయ్యి తలమీదికి పోయింది. ఏ చేతులు చూసి చపాతీలు ముట్టలేదో, ఆ చేతులు తీసిన రసాన్నే మూడు నెలలుగా తలకు పట్టిస్తోంది. సిగ్గుతో చచ్చిపోయింది. చెప్పులేసుకుని గేటు దగ్గరికి పరుగెత్తింది.

రేణుక అక్కడే ఉంది, వాచ్‌మన్ కిష్టయ్యను బతిమాలుతూ. రూబీని చూడగానే రెండు అరచేతులూ చాచింది.

"చూడుండ్రి మేడం, ఆకు ముట్టక పదిహేను రోజులైంది, మరక పోయింది. ఎవరు చెప్పిన్రో ఏమో! మీది తప్పులు పట్టే పనే కదా, జర కనుక్కోరా?"

"నేనే చెప్పాను రేణుకా. తప్పు నాదే. ఇవాళే అసోసియేషన్‌తో మాట్లాడతాను."

రేణుక చూపు రూబీ నుదుటి మీది కొత్త వెంట్రుకల దగ్గర ఆగింది.

"జుట్టు మంచిగొచ్చింది మేడం," అని, చేతులు కొంగులో చుట్టుకుని బస్టాపు వైపు నడిచింది.